ముప్పై ఒకటి, కిందికి

కొండ కింది షెడ్డు,
ఆగస్టు 6

వదినకి నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరూ, మీ కొట్టూ, కొట్టు నిండా మూగబోయిన రేడియోలూ క్షేమమని తలుస్తాను.

అన్నయ్య నడిపిన రోడ్డు మీదే బండి నడపడానికి చేరానని తెలిసి నాలుగు వారాలుగా మీరు ఉత్తరం రాయలేదు. పోనీ తిట్టడానికైనా రాస్తారనుకున్నాను, అదీ లేదు. అందుకే మీరు జవాబు రాయకుండా ఉండలేని సంగతి ఒకటి ఏరుకుని అడుగుతున్నాను. నా బండికి రేడియో సెట్టు కావాలి.

కంపెనీ వాళ్ళు తలా ఒక చేతి సెట్టు ఇచ్చారు. పైన గనికి సరుకు చేరవేసే ఈ ముప్పై ఎనిమిది మలుపుల్లో పది దాటేసరికి అది గురక మొదలుపెడుతుంది. బండికి బిగించే సెట్టు మాత్రం ఎవరిది వాళ్ళే ఎంచుకోమన్నారు. బజారుకు వెళ్తే కొట్టువాడు నా ముందు అరడజను పరిచాడు. పాతిక వాట్లది, యాభై వాట్లది, ఉపగ్రహంతో మాట్లాడేది. ఇంకోటి నీళ్ళలో మునిగినా పనిచేస్తుందట. బండి నీళ్ళలో మునిగాక నేను ఎవరితో ఏం మాట్లాడాలో వాడు చెప్పలేదు. వాడు చెప్పేది వింటూ తల ఊపీ ఊపీ మెడ పట్టేసింది గానీ ముక్క అర్థం కాలేదు.

అన్నయ్య బండిలో ఉన్న రకం మాత్రం చూపించొద్దన్నాను. రెండేళ్ళ కిందట ఆ మంచులో మొరాయించి ఆయన్ని మనకు కాకుండా చేసింది అదే కదా. దాని మొహం చూడాలని లేదు.

మీరు ఏది కొనమంటే అది కొంటాను.

మీ మరిది

*

రేడియో కొట్టు, పట్నం,
ఆగస్టు 14

చిరంజీవి మరిదికి వదిన దీవెనలు.

తిట్టాలంటే మనిషి ఎదురుగా ఉండాలి. ఉత్తరంలో తిడితే నువ్వు షెడ్డులో నలుగురికీ చదివి వినిపించి నవ్విస్తావు. పన్నెండేళ్ళప్పటి నుంచి నిన్ను చూస్తున్నాను, నీ సంగతి నాకు తెలియదా.

సెట్టు కొనేవాడు సెట్టును చూస్తాడు, తెలిసినవాడు ఏరియల్‌ను చూస్తాడు. యాభై వాట్ల సెట్టు కొని ఏరియల్‌ను బంపరుకు కడితే సగం మాట కొండకు చెప్పుకున్నట్టే. పాతిక వాట్లు చాలు. ఏరియల్ బండి కప్పు మధ్యలో పెట్టించు, మరీ పొడుగుది వద్దు, రాళ్ళకు తగిలి విరుగుతుంది. కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి తీసుకో, రెండు వైర్లకూ ఫ్యూజు వేయించు. సిగరెట్టు ముట్టించుకునే సాకెట్టులో గుచ్చే బాపతు పనులు చేశావని తెలిస్తే అక్కడికొచ్చి చెవి మెలేస్తాను. ఉపగ్రహం సెట్టుకు ఆకాశం బాగా కనిపించాలి, ఆ గోడల్లాంటి లోయల్లో నీకు కనిపించే ఆకాశం నా చీర అంచంత. ఇంతకీ పై కొనలో కంపెనీ కొత్తగా పెట్టిన రిపీటరు మీ మాటను అందుకుని మళ్ళీ పంపుతుంది కాబట్టి మీరంతా ఇప్పుడు మాట్లాడుకునే ఏడో ఛానెల్‌కు ఢోకా లేదు.

ఒక్క సంగతి. ఒకేసారి రెండు ఛానెళ్ళు వినిపించే సెట్టు తీసుకో. ఒకటి ఏడు. రెండోది పాత మూడు. మూడో ఛానెల్ ఇప్పుడు ఎవరూ వాడరని నాకూ తెలుసు. పెద్దదాన్ని చెబుతున్నాను, పెట్టించుకో.

మీ అన్నయ్య సెట్టు గురించి ఇంక రాయకు.

వదిన

*

కొండ కింది షెడ్డు,
సెప్టెంబరు 9

వదినకి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే అంతా అయింది. ఏరియల్ కప్పు మధ్యలో, రెండు ఫ్యూజులు, రెండు ఛానెళ్ళు. బిగించిన మేస్త్రీ "ఎవరు చెప్పారయ్యా ఇంత పద్ధతిగా?" అని అడిగాడు. మా వదిన అని గొప్పగా చెప్పుకున్నాను.

అన్నయ్య ఎర్ర రంగుతో రాసిన రూలు షెడ్డు గోడ మీద ఇంకా ఉంది. మీకు తెలియనిది కాదు గానీ, నేను ఎంత బాగా బట్టీ పట్టానో వినండి. గుడ్డి మలుపు ముందు ఆగాలి. మలుపు నంబరు, పైకో కిందికో చెప్పాలి. కింద బేస్ నుంచి, అంటే రేడియో గది నుంచి, "ఖాళీ" అని జవాబు రావాలి. జవాబు రాకుండా చక్రం కదలకూడదు. మీరు ఆ గదిలో కూర్చున్న రోజుల్లో నంబరు నోట్లో ఉండగానే జవాబు వచ్చేదని పాత డ్రైవర్లు ఇప్పటికీ అంటారు. ఇప్పుడు ఆ కుర్చీలో ఉన్నాయనకు పన్నెండు నెలలూ జలుబే. రెండు తుమ్ములు అయ్యాక గానీ మాకు ఖాళీ రాదు.

నిన్న మధ్యాహ్నం మూడింటికి సరుకుతో పైకి వెళ్తూ ముప్పై ఒకటి దగ్గర ఆగాను. జలుబాయన ఖాళీ అన్నాడు. గేరు వేయబోతుంటే పాత మూడో ఛానెల్లో ఎవరిదో గొంతు: "బేస్, ముప్పై ఒకటి, కిందికి." ఎవరో దిగుతున్నారు కాబోలని మలుపు కింద బళ్ళు తప్పుకునే చోట పక్కకు తీసి నిలబడ్డాను. ఇరవై నిమిషాలు చూశాను. ఎవరూ రాలేదు. నడిచి వెళ్ళి మలుపు అవతల చూస్తే రోడ్డు మీద పురుగు కూడా లేదు.

ఆ ఛానెల్ ఎవరూ వాడరన్నారు కదా. మరి వాడెవడు?

మీ మరిది

*

రేడియో కొట్టు, పట్నం,
సెప్టెంబరు 15

మరిదికి,

వేరే లోయలో ఎవరో మాట్లాడితే రాతి గోడలకు తగిలి ఎక్కడో తేలుతుంది. కొండల్లో మామూలే. భయపడకు.

గొంతు ఎలాంటిది? ఎన్నిసార్లు అన్నాడు? మాట వెనక ఏం చప్పుడు వినిపించింది? సెట్టు మీద సిగ్నల్ సూది ఎంతవరకు లేచింది? ఒక్కటి కూడా వదలకుండా రాయి. వెంటనే రాయి.

వదిన

*

కొండ కింది షెడ్డు,
అక్టోబరు 12

వదినకి,

వెంటనే రాయమన్నారు. నాకే చెయ్యి రాలేదు. ఈలోగా నాలుగుసార్లు పైకి వెళ్ళొచ్చాను. నాలుగుసార్లూ మూడింటికే ఉంది ఆ గొంతు.

పది నిమిషాలకోసారి పిలుస్తుంది. కంగారు లేదు, కోపం లేదు. క్యూలో తన వంతు కోసం నిలబడ్డవాడు అడిగినట్టు ఉంటుంది. మాట వెనక ఇంజను చప్పుడు లేదు. అద్దం మీద వైపరు ఆడుతున్న చప్పుడు ఉంది. ఇక్కడ నా అద్దం మీద చుక్క వాన లేదు, వదినా.

సూది సంగతి. అది చివరిదాకా కొట్టుకుని అక్కడే నిలబడిపోతోంది. వేరే లోయలో నుంచి వచ్చే మాటకు అలా ఉండదని మీరే నాకు చిన్నప్పుడు నేర్పారు. ఆ మాట్లాడేది నా బండికి పది అడుగుల్లో ఉండాలి.

అన్నయ్య గొంతే అది. మొదటిసారే తెలిసింది నాకు, మీకు రాయడానికి ధైర్యం చాల్లేదు. నేను మైకు తీసి "ఖాళీ, అన్నయ్యా, దిగు" అన్నాను. పది నిమిషాలు చూశాను. ఆ తర్వాత మళ్ళీ "బేస్, ముప్పై ఒకటి, కిందికి" అన్నాడు. నా మాట ఆయన లెక్కలోకి రాలేదు. బేస్‌నే అడుగుతున్నాడు.

ఆయన పిలిచాక నేను మలుపు తిప్పలేను. నవ్వకండి. రూలు ప్రకారం ముందు పిలిచినవాడిదే మలుపు. మొదట ఇరవై నిమిషాలు ఆగాను, పోయిన వారం రెండు గంటలు ఆగాను. ఇంజను ఆపితే చలి, నడిపితే డీజిలు. మా ముసలి డ్రైవరు ఒకాయన ఉన్నాడు, ఫస్ట్ గేర్ తాత అంటాం. ఆయన బండిలో మూడో ఛానెల్ లేనే లేదు. ఆయనా అక్కడికొచ్చేసరికి బండి పక్కకు తీసి నిలబెడుతున్నాడట. ఎందుకు తాతా అంటే "ఏమోరా, ఎవరికో దారివ్వాలనిపిస్తుంది" అంటాడు.

నవంబరులో మంచు పడుతుంది. ఏం చేయమంటారు?

మీ మరిది

*

రేడియో కొట్టు, పట్నం,
అక్టోబరు 17

ఆ ఛానెల్ తీసేయించు. ఈరోజే. పెట్టించుకోమని చెప్పడం నా తప్పు. ఆ మలుపు దగ్గర ఒక్క నిమిషం కూడా ఆగొద్దు, ఏం వినిపించినా పోనియ్యి. నా మీద ఒట్టు.

*

కొండ కింది షెడ్డు,
అక్టోబరు 22

వదినకి,

సొంత అన్న పిలుస్తుంటే చెవులు మూసుకుని పొమ్మంటున్నారు. నిన్నటిదాకా ఎన్నిసార్లు పిలిచాడు, వెనక ఏం చప్పుడు అని అడిగినవాళ్ళు మీరే.

పాత సామాన్ల గదిలో అన్నయ్య బండి నుంచి విప్పిన సెట్టు కనబడింది. రెండేళ్ళ దుమ్ము పట్టి ఉంది. దాని మొహం చూడకూడదనుకున్నవాణ్ణే, తెచ్చి బ్యాటరీకి తగిలించాను. నిక్షేపంలా పనిచేసింది. పక్కనే మీ రేడియో గది సెట్టు ఉంటే దాన్నీ తగిలించాను. అదీ పనిచేసింది. "సెట్టు పాడు, పిలుపు అందలేదు" అని మీరు రేడియో గది పుస్తకంలో రాసినందుకే కదా కంపెనీ సెట్లన్నీ మార్చి, ఛానెల్ కూడా మార్చింది?

ఆ రోజు గదిలో ఉన్నది మీరు. ఏం జరిగింది?

*

రేడియో కొట్టు, పట్నం,
అక్టోబరు 29

మరిదికి,

ఈ ఉత్తరం ఆరుసార్లు రాసి చింపాను. ఇది ఏడోది.

సెట్టు బాగానే ఉంది. పిలుపు అందింది.

ఆ పొద్దున మీ అన్నయ్య ఇంకో ఏడాదికి కంపెనీ కాగితం మీద సంతకం పెట్టి వచ్చారు. అప్పటికి నడుస్తున్న ఏడాదితోనే కొండ దిగుదాం, పట్నంలో కొట్టు పెట్టుకుందామని ఇద్దరం అనుకున్న మాట. నాతో ఒక్క మాట అనకుండా పెట్టారు. నేను అడిగితే "పెట్టేశాను కదా, ఇంకెందుకు" అన్నారు. అంతే. అన్నం పెట్టాను గానీ మాట్లాడలేదు. ఆయన బండి తీసుకుని పైకి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం మూడింటికి పిలిచారు. "బేస్, ముప్పై ఒకటి, కిందికి." దారిలో ఇంకో బండి లేదు. ఖాళీ అనడానికి ఎంతసేపు? రెండు అక్షరాలు. నేను అనలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కాసేపు కూర్చోనీ, నా మాట లేకుండా సంతకాలు పెట్టే మనిషికి నా మాట లేకుండా ఎలా ఉంటుందో తెలియనీ అనుకున్నాను. పది నిమిషాలకు మళ్ళీ పిలిచారు. చెవులకున్నది తీసి బల్ల మీద పెట్టి టీ పెట్టుకున్నాను. నాకు బాగా గుర్తు, ఆ టీ చాలా బాగుంది.

నలభై నిమిషాలకు కిటికీలోంచి చూస్తే కొండ లేదు. తెల్లగా ఉంది అంతా. పరిగెత్తి వచ్చి ఖాళీ, ఖాళీ అని అరిచాను. జవాబు లేదు. మర్నాడు బండి మలుపు పైన దొరికింది. చేతి బ్రేకు వేసి ఉంది, చక్రం కింద రాయి పెట్టి ఉంది, బ్యాటరీ అయిపోయి ఉంది. బండిలో ఆయన లేరు, ఎంత వెతికినా దొరకలేదు. ఇంకొకరైతే పది నిమిషాలు చూసి వచ్చేసేవారు. జవాబు రాకుండా చక్రం కదలకూడదన్నది ఆయన రాసిన రూలు, ఆయన కదపరని నాకు తెలుసు. తెలిసే చేశాను.

తర్వాత సెట్టు పాడైందని రాశాను. అందరూ నమ్మారు. నువ్వూ నా చేతులు పట్టుకుని ఏడ్చావు.

ఈ రెండేళ్ళూ కొట్టులో ఒక సెట్టు మూడో ఛానెల్లో పెట్టి ఉంచాను. మధ్యలో ఇన్ని కొండలుండగా అందదని తెలిసినా పెట్టాను. నువ్వు పైకి వెళ్తున్నావని తెలిసినప్పుడు ముందు నీ గురించి భయం వేయలేదు నాకు. ఒక చెవి పైకి వెళ్తోందనిపించింది. నీకు సెట్టు ఎంచి ఇచ్చింది నీ కోసం కాదు. నిన్ను ఏరియల్ చేసి పంపాను.

ఇది చదివాక నన్ను వదినా అని పిలవాలో వద్దో నీ ఇష్టం.

*

కొండ కింది షెడ్డు,
నవంబరు 5

చదివాను.

చదివి బయటికి పోయి బండి చక్రాన్ని కాలు వాచేదాకా తన్నాను.

ఈ కాలానికి ఆఖరి సరుకు గురువారం, పద్నాలుగో తేదీ పైకి వెళ్తుంది. ఆ రోజు మంచు పడుతుందని వాతావరణం వాళ్ళు అంటున్నారు. మూడింటికి ముప్పై ఒకటి దగ్గర ఉంటాను. ఆయన పిలుస్తాడు. బేస్ జవాబు చెప్పేదాకా నేను ఇటూ కదలను, అటూ కదలను. మా ఇంటి మగవాళ్ళ మొండితనం మీకు తెలిసిందే.

*

రేడియో కొట్టు, పట్నం,
నవంబరు 9

బుధవారం బస్సుకు వస్తున్నాను. నా పాత సెట్టును ఆ గదిలో బల్ల మీద పెట్టించు. గది కప్పు మీద ఉన్న పాత ఏరియల్ వైరు ఎలకలు కొరికి ఉంటాయి, ముట్టుకోకు, నేను చూసుకుంటాను. నువ్వు నాతో మాట్లాడక్కర్లేదు.

*

కొండ కింది షెడ్డు,
నవంబరు 18

వదినా,

నేను మర్నాడు దిగి వచ్చేసరికి మీరు లేరు. పొద్దుటి బస్సుకే వెళ్ళిపోయారని జలుబాయన చెప్పాడు. ఉండాల్సింది. నా కోపం పోలేదు, ఎప్పటికి పోతుందో తెలియదు. అయినా ఉండాల్సింది.

పైన జరిగింది మీకు తెలియాలి, అందుకు రాస్తున్నాను.

మూడింటికి పది నిమిషాల ముందే మలుపు కింద పక్కకు తీసి ఇంజను ఆపాను. అప్పటికే మంచు మొదలైంది. సరిగ్గా మూడింటికి పిలిచాడు. మీ దగ్గర నుంచి చప్పుడు లేదు. వైపరు ఆడుతోంది ఆయన వెనక. మీరు రాలేదేమో, వచ్చి కూడా మళ్ళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారేమో అనుకున్నాను. ఏమనుకోకండి, ఆ చలిలో నాకు అలాగే అనిపించింది. పది నిమిషాలకు మళ్ళీ పిలిచాడు. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు మీరు "ముప్పై ఒకటి, ఖాళీ" అన్నారు. గొంతు మీదిలా లేదు.

వైపరు చప్పుడు ఆగిపోయింది. చేతి బ్రేకు దించిన చప్పుడు విన్నాను, సెట్టులో కాదు, బయట. పై నుంచి ఏదో చాలా నెమ్మదిగా దిగుతోంది. కళ్ళు చించుకుని చూశాను. పడుతున్న మంచు తప్ప ఏమీ లేదు. ఒక్క చోట మాత్రం మంచు నేల మీద పడటం లేదు, బండి వెడల్పున, బండి ఎత్తున. ఆ ఖాళీ జాగా దిగుతూ నా పక్కకు వచ్చి ఆగింది. నా కిటికీ అద్దం లోపలి వైపు చెమ్మ పట్టింది. నేను తల తిప్పలేదు. తిప్పి ఉంటే చూసేవాణ్ణేమో. పిరికితనమే, ఒప్పుకుంటాను.

కాసేపటికి అది కదిలి వెళ్ళిపోయింది. ఇరుకు దారిలో ఎదురు బండిని దాటేటప్పుడు, అవతలి డ్రైవరు పరధ్యానంగా ఉంటే మనమే చెయ్యి చాచి వాడి పక్క అద్దం మడుస్తాం, గీసుకోకుండా. నా కుడివైపు అద్దం మడిచి ఉంది. మీద నాలుగు వేళ్ళ మేర మంచు లేదు.

ఆ తర్వాత సెట్టులో "ముప్పై" అన్నాడు, మీరు ఖాళీ అన్నారు. ఇరవై తొమ్మిది. ఇరవై ఎనిమిది. నేను పైకి పోతూ అన్నీ విన్నాను. ఎక్కడా మీరు తడబడలేదు. పాతవాళ్ళు చెప్పింది నిజమే, నంబరు నోట్లో ఉండగానే జవాబు. "ఒకటి" అనగానే నేను సెట్టు ఆపేశాను. మొగుడూ పెళ్ళాల మాటలు వినడానికి నేనెవర్ని?

గని దగ్గర రాత్రి ఉండి మర్నాడు దిగుతూ ముప్పై ఒకటి దగ్గర గంట ఆగి విన్నాను. ఉత్త గాలి. ఫస్ట్ గేర్ తాత నా వెనకే వచ్చాడు, అక్కడ బండి నెమ్మది కూడా చేయలేదు. ఇంక ఆయన గొంతు వినబడదని అర్థమై అప్పుడు మాత్రం స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాను.

చలికాలమంతా నాకు పని లేదు. మీ కొట్టులో టంకం పెట్టడానికి ఎవరైనా కావాలంటే రాయండి.

మీ మరిది

*

రేడియో కొట్టు, పట్నం,
నవంబరు 24

చిరంజీవి మరిదికి వదిన దీవెనలు.

రా. ఇక్కడ టంకం పనికి మనిషి ఎప్పుడూ కావాలి.

ఆ గురువారం పుస్తకం తీయించి రెండేళ్ళ కిందటి ఆనాటి పేజీలో "సెట్టు పాడు" అన్నది కొట్టేశాను. "విన్నాను, జవాబు ఇవ్వలేదు" అని రాసి కింద సంతకం పెట్టాను. జలుబాయన అది చదివి నా మొహం చూశాడు. అందుకే పొద్దుటి బస్సుకు పారిపోయాను. కంపెనీ వాళ్ళు పిలిస్తే మళ్ళీ వెళ్తాను, ఏం అడిగినా చెబుతాను.

మొదటిసారి పిలిచినప్పుడు నేను గదిలోనే ఉన్నాను. కోపంతో కాదు ఈసారి. ఒక్కసారి ఖాళీ అంటే ఇంక మళ్ళీ పిలవరని తెలిసి నోరు రాలేదు. అక్కడ నువ్వు మంచులో ఉన్నావని గుర్తొచ్చి అన్నాను.

నువ్వు సెట్టు ఆపేశావు కాబట్టి అడగవు, నేనే చెబుతున్నాను. ఒకటి దాటాక ఆయన "ఎక్కడికి పోయావ్, ఇంతసేపా?" అన్నారు. తర్వాత తిట్టడం మొదలుపెట్టారు. చలి గురించి, బ్యాటరీ గురించి, నా మొండితనం గురించి, పొద్దున అన్నంలో ఉప్పు లేదని కూడా. బయట గేటు దగ్గర ఎవరూ లేరు, కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. నేను దేనికీ ఎదురు చెప్పలేదు. తిట్టడం అయిపోతే వెళ్ళిపోతారని తెలుసు, అందుకని మధ్యమధ్యలో ఊఁ కొడుతూ కూర్చున్నాను.

వదిన